మొఘలే ఆజమ్ – తెలుగు శ్రోత: తాండూరు, వికారాబాదు ప్రాంత భాషాచరిత్రలో ఒక ఘట్టం

తనకు రాని భాషలోని పాట విని మనిషి కంటతడి పెట్టడం లోకంలో కొత్త సంగతి కాదు. తెలుగు అర్థం కాని తమిళ శ్రోతలు తరతరాలుగా త్యాగరాజ కృతులకు తల ఊపుతున్నారు. ఇలాంటి చోట్ల ‘సంగీతానికి భాష లేదు’ అనే మాటతో విషయాన్ని ముగించడం పరిపాటి. కాని చరిత్ర విద్యార్థికి ఆ సమాధానం చాలదు. ఫలానా ప్రాంత ప్రజలు ఫలానా పరభాషను ఎందుకు ఆదరించారు, వారి చెవి అంతకుముందే ఎలా సిద్ధమై ఉంది, ఆ ఆదరణ వల్ల వారికి ఏం మిగిలింది, ఏం మిగలలేదు అన్న ప్రశ్నలకు జవాబు ఆ ప్రాంత చరిత్రలోనే దొరుకుతుంది.

1960 ఆగస్టు 5న బొంబాయిలో విడుదలైన ‘మొఘలే ఆజమ్’ ఇలాంటి విచారణకు తగిన ఉదాహరణ. దాని సంభాషణలు పారసీ పదాలతో నిండిన ఉన్నత శ్రేణి ఉర్దూ. దాని పాటలు లక్నో, బదాయూన్ కవితాసంప్రదాయానికి చెందినవి. అయినా హైదరాబాదుకు పడమట ఉన్న తెలుగు తాలూకాలలో ఆ పాటలు రెండు తరాలపాటు రేడియోలో, పెళ్లిపందిళ్ల మైకుసెట్లలో, హోటళ్ల గ్రామఫోనులలో మార్మోగాయి. విన్నవారిలో ముస్లింలు ఉన్నారు, ముస్లిమేతరులు అంతకంటె ఎక్కువగా ఉన్నారు. ఉర్దూ చదవడం రాయడం వచ్చినవారు మాత్రం వారిలో కొద్దిమందే.

మూడు భాషల రైలుదారి

సికింద్రాబాదు నుంచి వాడి వరకు నిజాం రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. వాడి దగ్గర అది బొంబాయి–మద్రాసు ప్రధానమార్గాన్ని కలుసుకుంటుంది. దానితో హైదరాబాదు రాజ్యానికి బొంబాయి నగరంతో తిన్నని సంబంధం ఏర్పడింది. వస్త్రాలు, యంత్రాలు, పత్రికలు, నాటక కంపెనీలు, ఆ తరువాత రేకు పెట్టెల్లో సినిమా రీళ్లు ఈ దారినే వచ్చాయి. వాడి వైపు నుంచి వచ్చే బండికి తెలుగు నేలలో ముందుగా తగిలే పెద్ద పట్టణం తాండూరు, దాని తరువాత వికారాబాదు.

వికారాబాదుకు ఆ పేరు పాయెగా వంశపు అమీరు నవాబ్ వికారుల్ ఉమరా వల్ల వచ్చింది. ఆయన 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు రాజ్య ప్రధానమంత్రి. ఫలక్‌నుమా కట్టించినదీ ఆయనే. పట్టణానికి ఆనుకొని ఉన్న అనంతగిరి కొండల్లో మూసీ నది పుడుతుంది. తాండూరు నాపరాతి గనులకు, కందిపంటకు పేరుపొందిన ఊరు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇక్కడి సంతలో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మూడూ వినిపిస్తాయి.

ఒక పాలనా విశేషాన్ని కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. 1956 వరకు తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. ఆ సంవత్సరం నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్లగా, అందులోని కొడంగల్, తాండూరు తాలూకాలను విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో చేర్చారు. తరువాత 1978లో రంగారెడ్డి జిల్లా, 2016లో వికారాబాదు జిల్లా ఏర్పడ్డాయి. అంటే ‘మొఘలే ఆజమ్’ విడుదలైననాటికి తాండూరు ప్రజలు తెలుగు రాష్ట్రంలో చేరి నాలుగేళ్లు కూడా నిండలేదు. వారి తాతలు, తండ్రులు తెలుగో కన్నడమో మాట్లాడుతూ ఉర్దూలో అర్జీలు పెట్టుకున్నవారు.

కచేరీ నేర్పిన మాటలు

హైదరాబాదు రాజ్యంలో పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో పారసీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. తహసీలు, అదాలతు, పోలీసు ఠాణా, ఫారెస్టు నాకా అన్నిటా అదే భాష నడిచింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను సైతం ఉర్దూలోనే బోధించింది. పల్లెలో రైతు తెలుగు మాట్లాడినా, అతని పొలానికి సంబంధించిన కాగితం మాత్రం ఉర్దూలో ఉండేది.

ఈ ఏర్పాటులో అన్యాయం ఉంది. తన భూమి పత్రం తాను చదువుకోలేని రైతు పట్వారీకి, వకీలుకు లోబడి బతకవలసి వచ్చింది. 1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభల కాలంలో మాతృభాషలో విద్య కావాలని తెలుగువారు కోరడానికి ఇలాంటి అనుభవమే మూలం. ఉర్దూ అభిమానులు ఈ సంగతిని దాచనక్కరలేదు. దాస్తే తరువాతి కథ అర్థం కాదు.

అయితే కచేరీ మెట్లెక్కి దిగిన రైతు ఉట్టి చేతులతో తిరిగి రాలేదు. కొన్ని వందల మాటలు వెంట తెచ్చుకున్నాడు. హుకుం, ఫిర్యాదు, ఖైదు, సజా, ఇన్సాఫు, గవాహి, మాఫీ, జులుం, దర్బారు, ఫర్మానా, గులాము, సర్కారు, జబర్దస్తీ, ఇజ్జతు, వాయిదా – ఇవన్నీ అతని తెలుగులో ఇంకిపోయాయి. తెలంగాణ తెలుగులో ఇవి అరువు మాటలుగా ఎవరికీ తోచవు.

‘మొఘలే ఆజమ్’ కథాంశం ఏమిటి? ఒక చక్రవర్తి హుకుం, ఒక దాసి చేసిన నేరం, ఒక యువరాజు తిరుగుబాటు, నిండు దర్బారులో విచారణ, ఖైదు, సజా, ఒక తల్లి ఫిర్యాదు, చివరికి ఇన్సాఫు. ఈ కథ నడిచేది కచేరీ మాటల మీద. ఢిల్లీ, లక్నోల సాహిత్యం చదవని తెలుగు ప్రేక్షకునికి అందులోని ఉపమానాలు అందకపోవచ్చు. కాని అధికారానికీ నిస్సహాయతకూ సంబంధించిన పదజాలం మొత్తం అతనికి ముందే తెలుసు. దొర ముందు, తహసీలుదారు ముందు, మున్సిఫు ముందు నిలబడ్డప్పుడు అతను ఆ మాటలు నేర్చుకున్నాడు. కనుక అక్బరు సింహాసనం ముందు అనార్కలి నిలబడినప్పుడు ఆమె స్థితి అతనికి అనువాదం లేకుండానే తెలిసింది.

ముస్లిం ప్రేక్షకుని సంగతి కూడా ఆలోచించదగినదే. తాండూరు గనిలో బండలు కొట్టే కూలీ, వికారాబాదు స్టేషను ముందు జట్కా తోలేవాడు ఇంట్లో మాట్లాడింది దక్కనీ. ‘నక్కో’, ‘హౌ’ అనే ఆ భాషకూ, తెరమీద షహన్‌షా పలికిన భాషకూ చాలా దూరం ఉంది. పృథ్వీరాజ్ కపూర్ నోట వచ్చే పారసీ సమాసాలు అతనికీ సగమే తెలిసేవి. ఈ చిత్రం ముందు ముస్లిం తన సొంత భాష వింటున్నాడనీ, తక్కినవారు పరాయి భాష వింటున్నారనీ విభజించడం సరికాదు. కొంత తెలిసీ కొంత తెలియక వినడంలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు.

పదహారేళ్ల నిర్మాణం

దర్శకుడు కె. ఆసిఫ్ ఈ చిత్రాన్ని 1944 ప్రాంతంలో తలపెట్టాడు. మొదటి నటవర్గంలో చంద్రమోహన్, నర్గీస్, సప్రూ ఉన్నారు. దేశవిభజనతో నిర్మాత షిరాజ్ అలీ హకీం పాకిస్తానుకు వెళ్లిపోయాడు. 1949లో చంద్రమోహన్ మరణించాడు. తీసినదంతా పక్కనపెట్టి, షాపూర్‌జీ పల్లోంజీ పెట్టుబడితో పృథ్వీరాజ్ కపూర్, దిలీప్ కుమార్, మధుబాల, దుర్గా ఖోటేలతో మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. సంభాషణలు అమాన్, వజాహత్ మీర్జా, కమాల్ అమ్రోహీ, ఎహసాన్ రిజ్వీ అనే నలుగురు కలిసి రాశారు. అధికభాగం నలుపు తెలుపుల్లో ఉండి, అద్దాల మహలు నృత్యమూ చివరి భాగమూ మాత్రం రంగుల్లో ఉండేవి. 2004లో చిత్రమంతటికీ రంగులద్ది తిరిగి విడుదల చేశారు.

దీనిని హిందూస్తానీతోపాటు తమిళంలోనూ రూపొందించారు. 1961లో ‘అక్బర్’ పేరుతో విడుదలైన ఆ తమిళ రూపం ప్రజాదరణకు నోచుకోలేదు. ఈ వైఫల్యం గమనార్హమైనది. కథ అదే, నటులు వారే, మహలు అదే. తమిళ ప్రేక్షకులకు మాటలు మరింత సులభంగా అందాయి కూడా. అయినా చిత్రం నిలబడలేదు. తెలంగాణలో మాటలు అందీ అందని మూలమే నిలిచింది. ప్రజలు ఈ చిత్రంలో కథనొక్కదానినే కాక ఆ భాష నాదాన్ని కూడా కోరుకున్నారని దీనినిబట్టి ఊహించవచ్చు.

తెలుగులో ఈ కథ కొత్తది కూడా కాదు. 1955లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ‘అనార్కలి’ తెలుగు చిత్రం వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నాయికానాయకులు. ఎస్.వి. రంగారావు అక్బరు పాత్ర ధరించాడు. పి. ఆదినారాయణరావు సంగీతం ఈనాటికీ పాతపాటల అభిమానులకు ప్రీతిపాత్రమే. కాబట్టి సలీం, అనార్కలి ఎవరో తెలిసిన తరువాతే తెలుగు ప్రేక్షకుడు ఉర్దూ చిత్రాన్ని చూశాడు. కథ తెలిసి ఉండటం వల్ల భాషా విఘ్నం మరింత తగ్గింది.

నౌషాద్ సంగీతం

సంగీత దర్శకుడు నౌషాద్ అలీ 1919లో లక్నోలో జన్మించాడు. గీతరచయిత షకీల్ బదాయూనీ. వీరిద్దరి జంట అప్పటికే ‘బైజూ బావరా’ వంటి చిత్రాలతో ప్రసిద్ధికెక్కింది. నౌషాద్ ప్రత్యేకత ఏమంటే శాస్త్రీయ రాగాన్ని చెడగొట్టకుండా దాన్ని సామాన్యుడు కూనిరాగం తీసుకోగల వరుసలోకి తేవడం. అద్దాల మహలు పాటలో లతా మంగేష్కర్ గొంతు నలువైపుల నుంచి ప్రతిధ్వనించే ఏర్పాటు వల్ల, చూడకుండా రేడియోలో విన్నవారికి కూడా ఆ మహలు కళ్లకు కట్టింది. మహమ్మద్ రఫీ పాడిన తిరుగుబాటు పాటకు వందమంది బృందగాయకులను వాడారు.

ఈ పాటల వ్యాప్తికి రేడియో ముఖ్య సాధనం. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖకు వచ్చిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను బాగా కట్టడి చేశాడు. శ్రోతలు సిలోన్ రేడియో వైపు మళ్లారు. అదే సంవత్సరం మొదలైన బినాకా గీత్‌మాలాతో అమీన్ సయానీ కంఠం దేశమంతటికీ పరిచయమైంది. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధ భారతిని ప్రారంభించవలసి వచ్చింది. ‘మొఘలే ఆజమ్’ పాటలు వచ్చేనాటికి ఈ రెండు దారులూ తెరిచే ఉన్నాయి. సినిమా టికెట్టుకు డబ్బు లేనివాడు, హాలు లేని పల్లెవాడు, సినిమాకు వెళ్లే ఆచారం లేని ఇంటి ఆడవారు కూడా ఈ పాటలకు శ్రోతలయ్యారు.

ఈ చిత్రానికి హైదరాబాదుతో మరొక బంధం ఉంది. తాన్‌సేన్ పాత్రకు గాత్రదానం చేసినవాడు పటియాలా ఘరానాకు చెందిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్. సోహినీ, రాగేశ్రీ రాగాలలో రెండు పాటలు పాడాడు. సినిమాకు పాడటం ఇష్టంలేక, వారు వెనుదీస్తారని పాటకు ఇరవై అయిదు వేల రూపాయలు అడిగాడనీ, ఆసిఫ్ వెంటనే ఒప్పుకున్నాడనీ చెబుతారు. కసూరులో పుట్టిన ఈ విద్వాంసుడు విభజన తరువాత పాకిస్తాను పౌరుడై, అనంతరం భారతదేశానికి తిరిగివచ్చి ఇక్కడి పౌరసత్వం పొందాడు. 1968 ఏప్రిల్‌లో హైదరాబాదులోని బషీర్‌బాగ్ పాలెస్‌లో కన్నుమూశాడు. దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. బషీర్‌బాగ్ పాలెస్‌ను కట్టించిన సర్ ఆస్మాన్ జా కూడా వికారుల్ ఉమరా వలె పాయెగా అమీరే. ప్రధానమంత్రి పదవిలో ఆయన తరువాత వచ్చినవాడే వికారుల్ ఉమరా. ఆ విధంగా తెరమీది తాన్‌సేన్ గొంతు వికారాబాదుకు పేరిచ్చిన వంశంవారి మహలులోనే ఆగిపోయింది.

నాత్, ఖవ్వాలీ, సమా

చిత్రంలో కృష్ణాష్టమి ఉత్సవంలో అనార్కలి పాడే వ్రజభాషా గీతం ఉంది. కారాగారంలో సంకెళ్లతో ఆమె ప్రవక్త ముహమ్మద్ (స) వారిని తలచుకొని పాడే నాత్ ఉంది. కేదార రాగంలో కూర్చిన ఈ నాత్‌ను పాడినది లతా మంగేష్కర్. ఇద్దరు స్త్రీల మధ్య పందెంగా నడిచే ఖవ్వాలీ కూడా ఉంది. తెలంగాణ శ్రోతకు ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా కొత్తది కాదు. ఉర్సులలో ఖవ్వాలీ విన్నాడు. పీర్ల పండుగలో అలావా చుట్టూ తిరుగుతూ హసన్ హుసేన్‌ల పేర్లు పలికాడు. అర్థం పూర్తిగా తెలియని భక్తిమాటలను గౌరవంగా పలకడం ఈ ప్రాంతపు హిందువుకు తాతలనాటి అలవాటు.

సంగీత శ్రవణం విషయంలో ఇస్లామీయ విద్వాంసుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయన్నది తెలిసిన విషయమే. హనఫీ ఫిఖ్హ్ పండితులలో అత్యధికులు వాద్యసంగీతాన్ని నిషేధించారు. ఇబ్నె హజ్మ్ నిషేధాన్ని సూచించే హదీసుల ప్రామాణ్యాన్ని ప్రశ్నించాడు. ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా’లో సమాకు ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించి, పాడేవారు, పాట, వినేవారి మనఃస్థితి, సందర్భం – వీటినిబట్టి తీర్పు మారుతుందని వివరించాడు. తాండూరుకు పడమట గుల్బర్గాలో 1422లో పరమపదించిన ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్ (రహ్మ) చిష్తీ సంప్రదాయానికి చెందినవారు. సమాకు నియమాలున్నాయని ఆ సంప్రదాయం ఎప్పుడూ నొక్కిచెప్పింది.

ఈ ప్రమాణాలను ముందుంచుకొని చూస్తే సినిమాలోని నాత్ ఒక చిక్కు ప్రశ్నను తెస్తుంది. భక్తిగీతమే అయినా అది ఒక ప్రణయకథలో భాగం, రంజనకోసం డబ్బుపెట్టి తయారుచేసిన వస్తువు. ధార్మిక పెద్దలు చాలామంది సినిమాను దూరంపెట్టారు. అదే కాలంలో సామాన్య ముస్లిం గృహాలలో ఆ నాత్‌ను సినిమా పాటగా భావించకుండా దుఆగా విన్న స్త్రీలూ ఉన్నారు. చరిత్రకారుని పని ఫత్వా ఇవ్వడం కాదు. ఈ రెండు వైఖరులూ ఒకే ఊళ్లో, తరచు ఒకే ఇంట్లో ఉన్నాయని గుర్తించడం అతని పని. పెద్దల అభ్యంతరాన్ని మూఢత్వమని కొట్టివేయడమూ, ఆ స్త్రీల కన్నీటిని అజ్ఞానమని తీసివేయడమూ రెండూ తొందరపాటే.

పన్నెండేళ్లనాటి నీడ

ఈ ఆదరణ ఏ కాలంలో జరిగిందో మరచిపోరాదు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన సైనిక చర్యతో నిజాం పాలన ముగిసింది. అంతకుముందు రజాకార్ల దౌర్జన్యాలకు గురైనవారు, తరువాత ప్రతీకార హింసకు గురైన ముస్లింలు – రెండు గాయాలూ ఈ నేలమీద ఉన్నాయి. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలు 1948 చివర పర్యటించి సమర్పించిన నివేదిక, మృతుల సంఖ్య 27,000 నుంచి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. అత్యంత బాధిత జిల్లాలుగా అది పేర్కొన్నవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదర్, నాందేడ్. తాండూరు నాడు ఆ గుల్బర్గా జిల్లాలోనిదేనని పైన చెప్పడం జరిగింది. ఆ నివేదిక 2013 వరకు సామాన్య పాఠకులకు అందుబాటులోకి రాలేదు.

ఈ గాయం మీద పన్నెండేళ్లు గడిచాక ‘మొఘలే ఆజమ్’ వచ్చింది. చిత్రం ప్రారంభంలో హిందూస్తాన్ దేశమే గొంతు విప్పి తన కథ తాను చెబుతున్నట్టు ఉంటుంది. ఉర్దూ అంటే పాతపాలన గుర్తుకువచ్చి ముఖం తిప్పుకునేవారున్న కాలంలో, ఆ భాషే తెరమీద దేశం గొంతుగా వినిపించింది. ముస్లిం శ్రోతకు అది ఎంత ఊరటనిచ్చిందో ఊహించడం కష్టం కాదు. తన భాష అపరాధి కాదని నలుగురి మధ్య కూర్చొని వినగలిగాడు.

తెలుగు సాహిత్యంలోనూ ఇదే కాలంలో ఒక మార్పు కనిపిస్తుంది. నిజాంను ఎదిరించి జైలుకెళ్లిన మహాకవి దాశరథి గాలిబ్ కవిత్వాన్ని తెలుగుచేసి ‘గాలిబ్ గీతాలు’గా 1961లో వెలువరించాడు. ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణరెడ్డి 1962లో ‘గులేబకావళి కథ’తో సినీగీత రచనలో ప్రవేశించి, అనంతరం తెలుగులో గజళ్లు రాశాడు. పాలకుని మీద పోరాడినవారు కూడా ఆ పాలకుని భాషను ద్వేషించలేదని వీరి ఉదాహరణలు చాటుతున్నాయి. ప్రజల సంగీతాభిరుచి, కవుల అనువాద కృషి ఒకే కాలంలో ఒకే దిశగా సాగాయి.

కథను చరిత్రగా పొరబడరాదు

ఈ ఆదరణ తెచ్చిపెట్టిన ఒక నష్టం కూడా ఉంది. అనార్కలి కథకు సమకాలిక ఆధారం లేదు. అబుల్ ఫజల్ ‘అక్బర్‌నామా’లో గాని, జహంగీరు స్వయంగా రాసుకున్న ‘తుజుక్’లో గాని ఆ ప్రసక్తి కనిపించదు. 1611లో లాహోరు చూసిన ఆంగ్ల వర్తకుడు విలియం ఫించ్ ఒక సమాధిని గురించి విన్న కథ రాశాడు. లాహోరులోని ఆ కట్టడంలో హిజ్రీ 1008, 1024 సంవత్సరాలు చెక్కి ఉన్నాయి. తరువాతి కాలంలో పెరిగిన జనశ్రుతిని ఇమ్తియాజ్ అలీ తాజ్ 1922లో ఉర్దూ నాటకంగా మలిచాడు. సినిమాలన్నిటికీ అదే మూలం. తన నాటకానికి చరిత్రలో ఆధారం లేదని తాజ్ స్వయంగా అంగీకరించాడు. నిజంగా జరిగినది సలీం తండ్రిపై ఎదురుతిరిగి 1600 తరువాత అలహాబాదులో స్వతంత్రించడం, 1602లో అబుల్ ఫజల్‌ను చంపించడం. అందుకు కారణం సింహాసనమే గాని ప్రేమ కాదు.

ఈ తేడా తెలియకపోతే కలిగే అనర్థం ఏమిటి? చరిత్ర అంటే అద్దాల మహలు అనే భ్రమ. దక్కను ముస్లింల చరిత్రలో మహళ్లు తక్కువ, బండలు కొట్టినవారు, మగ్గం నేసినవారు, దూదేకినవారు, కౌలుకు పొలం చేసినవారు ఎక్కువ. మొఘలుల వైభవాన్ని తన వైభవంగా తలచుకున్న నాపరాతి గని కూలీ తన తండ్రి చరిత్రను ఎక్కడా రాయించుకోలేదు. మరోపక్క ముస్లింలందరూ నవాబుల సంతానమనే అపోహ తక్కినవారిలో బలపడటానికి కూడా ఇలాంటి చిత్రాలు కొంత దోహదం చేశాయి. కళను కళగా మెచ్చుకుంటూనే ఈ భేదాన్ని పిల్లలకు చెప్పవలసిన బాధ్యత పెద్దలమీద ఉంది.

చెవికి మిగిలింది, కంటికి దూరమైంది

అన్నిటికంటె ముఖ్యమైన విషయం లిపికి సంబంధించినది. 1948 తరువాత ఉర్దూ కచేరీ నుంచీ, విశ్వవిద్యాలయం నుంచీ క్రమంగా తప్పుకుంది. జిల్లాల ముస్లిం పిల్లలు బతుకుతెరువు కోసం తెలుగు బడులకు వెళ్లారు. అది సహజమే, అవసరం కూడా. వారు తెలుగులో చదివారు కనుకనే నేడు తెలుగులో ఇస్లామీయ సాహిత్యం చదివే పాఠకలోకం ఏర్పడింది. కాని తెలుగు చేర్చుకోవడంతో పాటు ఉర్దూ లిపిని వదులుకోవడం కూడా జరిగింది. ఇంట్లో దక్కనీ మాట్లాడుతూ, రేడియోలో షకీల్ పాటలు కంఠస్థం చేస్తూ, అలిఫ్ బే ఖుర్ఆన్ పారాయణానికే పరిమితమైన తరం వచ్చింది. భాష పోలేదనే భరోసాను సినిమా పాట ఇచ్చింది. ఆ భరోసా చాటున చదువు జారిపోయింది.

దీని ఫలితం కవిత్వాభిరుచికే పరిమితం కాదు. తాతల నికాహ్ సియాహాలు, మస్జిదు, దర్గా, ఖబరస్తాన్ భూములకు సంబంధించిన వక్ఫ్ మున్తఖబులు, పాత క్రయపత్రాలు ఉర్దూలో ఉన్నాయి. తెలంగాణ భూవివాదాలలో నేటికీ ముఖ్య ఆధారంగా చూపే 1954–55 నాటి ఖాస్రా పహాణీలు కూడా చాలా గ్రామాలలో ఉర్దూలో రాసినవే. వాటిని చదివించుకోవడానికి వారసుడు ఇప్పుడు ఎవరినో వెతుక్కోవాలి. నిజాం కాలంలో తెలుగు రైతు తన పత్రం తాను చదువుకోలేక పడిన ఇబ్బందినే, నేడు ఉర్దూ ఇంట పుట్టిన ముస్లిం కూడా పడుతున్నాడు. ఖబరస్తాన్ హద్దు ఎక్కడిదాకా ఉందో తేల్చే కాగితం చేతిలోనే ఉంటుంది, చదివే కన్ను ఉండదు.

2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా గుర్తించింది. ఇది హర్షణీయమే. అయితే చట్టం కార్యాలయపు బోర్డు మీద అక్షరాలు రాయించగలదు గాని, ఆ అక్షరాలు చదివేవారిని తయారుచేయలేదు. ఆ పని ఇళ్లలో, మక్తబులలో జరగాలి. ఖుర్ఆన్ చదవడానికి అరబ్బీ అక్షరాలు నేర్చిన బాలునికి ఉర్దూ లిపి నేర్పడానికి కొన్ని నెలల శ్రమ చాలు. మాటలు అతని ఇంట్లోనే ఉన్నాయి, పాటలు అతని చెవిలోనే ఉన్నాయి. పాత పత్రాల నకళ్లు తీసి, తెలుగులో సారాంశం రాసి భద్రపరచే పనిని ప్రతి మస్జిదు కమిటీ చేపట్టవచ్చు. కన్నడమూ తెలుగూ ఉర్దూ మూడూ తెలిసిన పాతతరంవారు తాండూరు వంటి ఊళ్లలో ఇంకా కొందరు ఉన్నారు. వారు ఉండగానే ఈ పని జరగాలి.

నౌషాద్ 2006లో, దిలీప్ కుమార్ 2021లో, లతా మంగేష్కర్ 2022లో, అమీన్ సయానీ 2024లో కనుమూశారు. ఆ పాటలు మాత్రం ఇప్పటికీ వినిపిస్తున్నాయి, అర్థం తెలియనివారు కూడా వింటున్నారు. ఆ ఆదరణలో తెలుగు, ఉర్దూ కుటుంబాలు కలిసి బతికిన ఒక చరిత్ర ఉంది. విన్నదాన్ని చదవగలిగే పిల్లలు కొందరైనా ప్రతి ఊళ్లో తయారైతే ఆ చరిత్రకు వారసులు ఉంటారు. వారి చేతికి ముందుగా ఇవ్వవలసినవి ఇంటి పెట్టెల్లో పడి ఉన్న ఆ పాత కాగితాలే.